తిమోతీయేనా, పిన్నీ?

పోయిన వారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. రెండు జెర్బిల్స్‌ని, అదే ఎలుకల్లాంటి ఆ చిన్న పెంపుడు ప్రాణుల్ని, తెచ్చుకుందట, పేర్లింకా పెట్టలేదట, గాజు తొట్టె సిద్ధం చేస్తోందట. ఎండుగడ్డి కూడా వెయ్యాలని ఎక్కడో చదివింది. "తిమోతీయేనా, పిన్నీ?" అని అడిగింది. తిమోతీ అంటే ఒక రకం మేత గడ్డి. నేనేదో పనిలో ఉండి "ఆ, అదే" అనేశాను. ఫోన్ పెట్టేశాక అరగంట దాకా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. చెప్పింది అబద్ధమేం కాదు. కానీ ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాను, నాకూ ఇదే జవాబొచ్చింది, ఆ తర్వాత నేను చేసిన పొరపాట్లన్నీ పేరు సరిగ్గా ఉన్న గడ్డితోనే చేశాను. ఆ పిల్లకి మళ్ళీ ఫోన్ చేసి ఏం చెప్పాలో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జెర్బిల్ విషయంలో గడ్డి జాతి పేరుకి మనం ఇస్తున్నంత విలువ లేదు. ఆ గడ్డి ఎలా ఎండింది, ఎక్కడ నిలవ ఉంది, అందులో ఇంకా ఏమేం కలిసి వచ్చాయి, కాడలు ఎంత బిరుసుగా ఉన్నాయి, చూసుకోవలసినవి ఇవీ. వీటిలో ఒక్కటీ సంచీ మీద రాసి ఉండదు.

కుందేళ్ళ లెక్క

గడ్డి గురించి దొరికే సలహాలు ముప్పాతిక మువ్వీసం కుందేళ్ళ కోసం, గినీ పిగ్స్ కోసం పుట్టినవి. వాటికి గడ్డే భోజనం. ముందు పళ్ళూ వెనక పళ్ళూ అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, పొద్దస్తమానం గడ్డి నమిలితేనే అరుగుతాయి, పేగులు కదలాలన్నా ఆ పీచే కావాలి. అందుకే కుందేళ్ళు పెంచేవాళ్ళకి అన్నేసి లెక్కలు. తిమోతీలో ప్రొటీన్ సుమారు 7 నుంచి 11 శాతం, పప్పుజాతి మేత మొక్క ఆల్ఫాల్ఫాలో 15 నుంచి 20. కాల్షియం ఆల్ఫాల్ఫాలో రెండు మూడు రెట్లు ఎక్కువ, ఎదిగిన కుందేలుకి అది మూత్రసంచీలో ఇసకలా పేరుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఆల్ఫాల్ఫా వద్దు, తిమోతీ ముద్దు. కుందేలు వరకు ఈ వాదనకి తిరుగులేదు.

జెర్బిల్ కథ వేరు. మంగోలియా, ఉత్తర చైనా మైదానాల్లో ప్రధానంగా గింజలు ఏరుకుని బతికే ప్రాణి అది. జీవితమంతా పెరిగేవి ముందు పళ్ళు మాత్రమే, అవి అట్టముక్క కొరికినా చెక్కముక్క కొరికినా అరుగుతాయి. ఒళ్ళంతా కలిపి 60 నుంచి 100 గ్రాములు. గడ్డిలో గింజ కట్టిన కంకి ఉంటే తింటుంది, ఆకు కొసలు ఒకటి రెండు కొరుకుతుంది, అంతే. దాని పొట్ట ఆ గడ్డి మీద ఆధారపడదు.

మా ఇంటికి మొదటి జత వచ్చినప్పుడు కుందేళ్ళు పెంచే స్నేహితురాలు ఒకావిడ నాకు పీచు శాతాలతో సహా ఒక పట్టిక రాసిచ్చింది. ఎంత శ్రద్ధగా రాసిందంటే దాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించుకున్నాను. ఆ పట్టిక చూసుకుంటూ ఏడాది పాటు గడ్డి కొన్నాను. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా గడ్డిని పిడికిట్లోకి తీసుకుని నలిపి చూడలేదు.

ఇప్పటికీ ఆల్ఫాల్ఫా వెయ్యను. కారణం మాత్రం మారింది. రెండు ఆకులు కొరికితే వచ్చే కాల్షియం గురించి నాకిప్పుడు టెన్షన్ లేదు. కానీ ఆల్ఫాల్ఫా ఆకు ఎండితే ముట్టుకోగానే పొడైపోతుంది, మిగిలేది లావుపాటి కాడలు. అంటే పైన పుల్లలు, అడుగున పొడి. ఆ అడుగునే కదా జెర్బిల్ ముక్కు పెట్టుకుని పడుకునేది.

గడ్డితో అవి చేసే పని

ఓ సాయంత్రం తొట్టె ముందు కూర్చుని చూడండి. గుప్పెడు గడ్డి పైన వేస్తే ముందు ఒకటి వచ్చి వాసన చూస్తుంది. ఒక కాడ ఎంచుకుని రెండు చేతులతో పట్టుకుని, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు, ఆ చివర నుంచి ఈ చివర దాకా నిలువునా చీలుస్తుంది. చీల్చినవి నోట కరుచుకుని బొరియలోకి దిగుతుంది. కాసేపటికి మళ్ళీ పైకొస్తుంది. మర్నాటికి లోపలి గది గోడల పొడుగునా పీచుతో అల్లిన గూడు తయారవుతుంది. తొట్టె అడుగున పరిచే బెడ్డింగ్‌కి వాడే కాగితపు ముక్కల మధ్య పొరలు పొరలుగా గడ్డి వేస్తే సొరంగాలు కూలవు, మట్టిగోడలో గడ్డి కలిపినట్టే. కాగితం ఒక్కటే వేసినప్పుడు మా వాటి సొరంగాలు రెండు రోజులకోసారి కూలేవి.

"ఇదంతా అడవి జెర్బిల్ సంగతి, పెంపుడువి తరతరాలుగా పంజరాల్లో పుట్టి పెరిగినవి కదా" అనొచ్చు. ఆ మాటా నిజమే. ఇప్పుడు ఇళ్ళలోనూ ప్రయోగశాలల్లోనూ ఉన్నవాటిలో చాలా భాగం 1935లో రష్యా, చైనా సరిహద్దులోని అముర్ నదీ ప్రాంతంలో పట్టిన 20 జంటల సంతతి. వాటి వంశంలో 11 జంటలు 1954లో జపాన్ నుంచి అమెరికా చేరాయి. అంటే తొంభై ఏళ్ళ పంజరం బతుకు. అయినా తొట్టె మూలలో అద్దాన్ని గంటల తరబడి గీరే జెర్బిల్‌ని మీరు చూసే ఉంటారు. క్రిస్టఫ్ వీడెన్‌మేయర్ అనే పరిశోధకుడు 1997లో ప్రచురించిన పనిలో తేలిందేమంటే, తవ్వుకోవడానికి ఇసక ఇచ్చినంత మాత్రాన ఆ గీరుడు ఆగలేదు. సన్నని దారి గుండా వెళ్ళే ఒక గది ఇస్తే ఆ అలవాటు పెరగలేదు. వాటికి కావలసింది తవ్వడం అనే పని కన్నా తవ్వితే వచ్చే ఇల్లు. అందుకే గడ్డిని నేను ఇల్లు కట్టే సామాను లెక్కన చూడ్డం మొదలుపెట్టాను, అప్పట్నుంచి ఏది మంచి గడ్డి అన్న ప్రశ్నకి నా జవాబు కూడా మారింది.

తిమోతీ తిమోతీ అంటాం గానీ ఆ పేరుతోనే మూడు వేరు వేరు గడ్డులు దొరుకుతాయి. మొదటి కోతది బిరుసు, లావు కాడలు, నిండా కంకులు. రెండో కోతలో ఆకు ఎక్కువ, కాడ సన్నం. మూడో కోతది మరీ మెత్తన, నలిపితే పొడి రాలుతుంది. సొరంగం నిలబడాలంటే కొంచెం కాడ ఉండాలి, గూటికి ఆకు ఉండాలి, కాబట్టి నాకు రెండో కోత నచ్చుతుంది. ఆర్చర్డ్ గ్రాస్ వెడల్పాటి మెత్తటి ఆకు, అదీ బాగుంటుంది. ఓట్స్ గడ్డిలో లేత గింజలుంటాయి కాబట్టి పండగ చేసుకుంటాయి, అయితే ఆ గింజలు కూడా తిండి లెక్కలోకే వస్తాయి.

ఇక్కడ మన భాష ఒక చిక్కు తెచ్చిపెట్టింది. పచ్చిగా ఉండగా కోసి ఎండబెట్టిన మేత గడ్డికీ, గింజ నూర్చేశాక మిగిలే ఒట్టి కాడలకీ రెండింటికీ మనం ఎండుగడ్డి అనే అంటాం. రెండోది లోపల బోలు, పైన గట్టి, తెగిన చోట సూది. కొంచెం ఉంటే సొరంగానికి దన్నే, కానీ గూటి కోసం అది ఒక్కటే వేస్తే కళ్ళకి తగిలే ప్రమాదం. "ఎండుగడ్డే వేశాం" అనేవాళ్ళని ఏది వేశారో ఇంకోసారి అడగాలి.

సాక్సులో ముల్లు

ఒకసారి తొట్టె శుభ్రం చేశాక కాలికి ఏదో గుచ్చుకుంటోంది. సాక్సు విప్పి చూస్తే గడ్డి కంకిలోని ముల్లు ఒకటి, బట్టలో దిగి ఉంది. వెనక్కి లాగితే రాదు. ముందుకి తోస్తే మాత్రం సాఫీగా జరుగుతుంది. పట్టుకుని చూస్తే దాని మీద కంటికి కనీకనపడని నూగు, అంతా ఒకే దిక్కుకి. ఫాక్స్‌టెయిల్ జాతి గడ్డుల కంకులు ఇలా ఉంటాయి, కొన్ని రకాల బార్లీ కంకులూ అంతే. ఒకసారి దిగితే కదిలిన కొద్దీ లోపలికే పోతాయి. చిగుళ్ళలో, నాలుక కింద, కనురెప్ప లోపల దిగి పుండు చేస్తాయి. ఇంత పెద్ద మనిషిని, నా పాదమే ఊరుకోలేదు. నోట్లో పెట్టుకుని నిలువునా చీల్చే ప్రాణి సంగతి?

ఆ సంచీ మీద రాసి ఉన్నది తిమోతీయే. పొలంలో తిమోతీ పక్కన ఇంకోటి మొలవకూడదని రూలేం లేదు కదా. అప్పట్నుంచి ప్రతి గుప్పెడూ వేళ్ళతో విడదీసి, ముళ్ళ కంకులూ గుర్తుపట్టలేని చెత్త మొక్కలూ ఏరి పారేసి వేస్తున్నాను. పట్టుమని అయిదు నిమిషాల పని. పచ్చిక మైదానాల గడ్డి అని అమ్మేదాంట్లో రకరకాల గడ్డులు కలిసి ఉంటాయి, జెర్బిల్స్‌కి దాంతో కాలక్షేపం ఎక్కువ, నాకు ఏరుడు ఎక్కువ. ఓపిక లేని వారం అది కొనను.

ఏరకపోతే ఏమవుతుందిలే అనేవాళ్ళకి రాగ్‌వర్ట్ అనే పసుపు పూల మొక్క సంగతి చెప్పాలి. పచ్చిగా ఉన్నప్పుడు చేదుగా ఉంటుంది కాబట్టి గుర్రాలూ పశువులూ దాని జోలికి పోవు. కోసి ఎండబెడితే ఆ చేదు చాలావరకు పోతుంది, కాలేయాన్ని పాడుచేసే ఆల్కలాయిడ్లనే విషాలు మాత్రం అలాగే ఉంటాయి. "జంతువుకి తెలుసు, వద్దనుకుంటే అదే మానేస్తుంది" అన్న నమ్మకం ఎండిన గడ్డి దగ్గర పనిచెయ్యదు. రోడ్డు పక్క గడ్డి స్వయంగా కోసి ఎండబెడదామన్న ఉత్సాహం నాకూ ఓసారి వచ్చింది. దాని మీద ఏ కలుపుమందు కొట్టారో, ఏ కుక్క కాలెత్తిందో తెలియదని మానుకున్నాను.

తీపి వాసన

గడ్డి కొనేటప్పుడు వాసన చూడమంటారు, తియ్యగా ఉంటే మంచిదంటారు. నేనూ చాలామందికి చెప్పాను. ఇందులో సగమే నిజం.

కొత్తగా కోసిన గడ్డికి ఆ తీపి వాసన ఇచ్చేవాటిలో కూమరిన్ ముఖ్యమైనది. స్వీట్ క్లోవర్ అనే మేత మొక్కలో అది దండిగా ఉంటుంది. 1920ల్లో ఉత్తర అమెరికాలో ఆ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. గడ్డి తడిసి బూజు పట్టిన చోటే ఇలా జరుగుతోందని కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు గుర్తించాడు. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుపానులో చచ్చిన ఆవునీ, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తాన్నీ, ఆ గడ్డినీ వేసుకుని కార్ల్ పాల్ లింక్ అనే రసాయనవేత్త దగ్గరికి వచ్చాడు. ఏళ్ళ తరబడి శ్రమించి వాళ్ళు పట్టుకున్నది రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకూమరాల్. బూజు ఆ తీపి వాసన కూమరిన్‌నే ఇలా మార్చేసింది. దాని వరసలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. అంటే గడ్డి బూజులోంచి ఎలుకల మందు! ఎలుకల చుట్టాన్ని పెంచుకుంటున్నదాన్ని, ఇది చదివిన రోజు నాకు గడ్డి సంచీ వంక చూడబుద్ధి కాలేదు.

మీ సంచీలో స్వీట్ క్లోవర్ ఉందని బెదిరించడం లేదు. వాసన ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పడానికి ఇదంతా. తేమ 20 శాతం దాటి ఉండగానే మోపు కట్టేస్తే గడ్డి లోపల్లోపలే వేడెక్కుతుంది. అలా వేడెక్కిన గడ్డికి ఒక్కోసారి చక్కెర మాడిన వాసన వస్తుంది, అదీ ముక్కుకి హాయిగానే ఉంటుంది. ముక్కిపోయిన వాసన వస్తే పారెయ్యండి, అందులో అనుమానం లేదు. మంచి వాసన వచ్చినంత మాత్రాన మాత్రం పాస్ చెయ్యకండి. ఉండలు కట్టి అతుక్కుందా, విడదీస్తే బూడిద రంగు పొడి లేస్తోందా, నల్లటి మచ్చలున్నాయా చూడండి. రంగు విషయంలో మాత్రం నేను ఉదారంగా ఉంటాను. ఎండకి వెలిసి పసుపెక్కిన గడ్డి చూడ్డానికి బాగోదు, కానీ గూటికి పనికొస్తుంది.

దుమ్ముకి నా పరీక్ష చిన్నది. తెల్ల కాగితం పరిచి గుప్పెడు గడ్డి దులపడం, లైటు ఆర్పి టార్చి పక్కనుంచి వేసి చూడడం. బూజు పట్టిన గడ్డి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన రైతులకి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దానికి ఫార్మర్స్ లంగ్ అనే పేరే ఉంది. వాళ్ళు రోజులో కాసేపు పీలుస్తారు, జెర్బిల్ రాత్రీ పగలూ అందులోనే ఉంటుంది. సంచీ తెరవగానే మీరు తుమ్మితే మాత్రం అది రుజువు కాదు. నాకు గడ్డి పుప్పొడి పడదు, ఎంత మంచి గడ్డికైనా తుమ్ముతాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా రెండో జతలో ఒకదానికి ముక్కు చుట్టూ ఎర్రగా కనిపించింది. రక్తమనుకుని నేను హడలిపోయాను, నేరం గడ్డి మీదకి తోశాను. పశువైద్యురాలు చూసి అది రక్తం కాదంది. కంటి వెనక ఉండే హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావమట, ఒత్తిడి ఉన్నా తేమ ఎక్కువైనా అది ముక్కు దగ్గర పేరుకుని చర్మం పుండవుతుందట, బిరుసు గడ్డి రాపిడి దానికి తోడవుతుందట. ఇంటికొచ్చి మెత్తటి గడ్డికి మారాను, కారుతున్న నీళ్ళ సీసా మార్చాను, ఇసక స్నానం రోజూ పెట్టాను. పది రోజుల్లో తగ్గింది. మూడూ ఒకేసారి మార్చాను కాబట్టి తప్పు గడ్డిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సీసా కిందే మరో సంగతి బయటపడింది. నేను ఏరి, దులిపి, పరీక్ష చేసి వేసిన గడ్డి ఆ మూల తడిసి బూజు పట్టి ఉంది. జెర్బిల్ మూత్రం చాలా తక్కువ, తొట్టె పొడిగానే ఉంటుందిలే అన్న ధీమాతో నేను అడుగు తీసి చూడలేదు.

ఫ్రీజర్ మీద అనుమానం

గడ్డిని మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి వాడితే భయం లేదంటారు. మైట్స్ అనే కంటికి ఆనని పురుగులకీ మిగతా పురుగులకీ అది మంచి మందే, నేనూ పెడతాను. కానీ చలికి బూజు చావదు, నిద్రపోతుందంతే. పైగా చల్లటి సంచీని బయటికి తీసిన వెంటనే మూతి విప్పితే గాలిలో తేమంతా గడ్డి మీద నీరై దిగుతుంది, లేని బూజుని మనమే పిలిచినట్టు. మూతి కట్టేసే ఉంచి గది వేడికి వచ్చాకే విప్పాలి. తర్వాత నిలవ పెట్టేది గాలి ఆడే గుడ్డ సంచీలో.

ఫ్రీజర్‌కి లొంగని ఇంకో శత్రువు టైజర్స్ జబ్బు. క్లోస్ట్రిడియం పిలిఫార్మే అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, జెర్బిల్స్ దానికి చాలా తేలిగ్గా లొంగిపోతాయి, కొన్నిసార్లు జబ్బు చేసిందని మనకి తెలిసేలోపే చచ్చిపోతాయి. విత్తనాల్లాంటి దాని గట్టి స్పోర్లు బెడ్డింగ్‌లోనూ మట్టిలోనూ ఏడాదికి పైగా బతుకుతాయి, గడ్డి నిలవ చేసిన చోట తిరిగే ఎలుకల మలంతో రావచ్చు. ఒకసారి సంచీ అడుగున రెండు నల్లటి పెంటికలు కనిపించాయి నాకు. సగం వాడేసిన సంచీ. మిగతాది పారేసి, తొట్టె మొత్తం ఖాళీ చేసి కడిగి, రెండు వారాలు వాటి ముఖాలు చూస్తూ గడిపాను. ఏం కాలేదు. అదృష్టమే తప్ప నా తెలివేం లేదు. "ఆర్గానిక్" అనీ "దుమ్ము లేనిది" అనీ ఆ సంచీ మీద అందంగానే రాసి ఉంది.

అసలు ఎందుకు మరి?

ఇంత చదివాక ఎవరైనా అడిగే ప్రశ్నే ఇది. ఇన్ని గండాలున్నప్పుడు గడ్డి మానేసి కాగితంతో సరిపెట్టొచ్చు కదా? సరిపెట్టొచ్చు. గడ్డి లేకపోయినంత మాత్రాన ఏ జెర్బిల్ చావదు. ప్రయోగశాలల్లో బెడ్డింగ్‌ని ఆవిరితో శుద్ధి చేసి వేస్తారు, ఇంట్లో ఆ వసతి లేదు. ముసలిదైనా, ఊపిరి తీస్తుంటే టిక్ టిక్ శబ్దం వస్తున్నా నేనూ గడ్డి తీసేసి ఉత్త కాగితమే వేస్తాను. ముక్కు సంగతి తేలని ఆ పది రోజుల్లో ఈ ప్రశ్న నన్ను గట్టిగానే పట్టుకుంది.

కానీ ఆరోగ్యంగా ఉన్న జతకి నెలలో నాలుగైదు గుప్పెళ్ళ మంచి గడ్డి ఇచ్చే పని ఇంకేదీ ఇవ్వదు. అట్టముక్క ఇస్తే పది నిమిషాల్లో తుక్కు చేసి వదిలేస్తాయి. గడ్డి వేసిన రాత్రి తెల్లారే దాకా సందడి. మూడు నాలుగేళ్ళ బతుకు వాటిది. అందులో ఇల్లు కట్టుకునే రాత్రులు కొన్ని ఉండాలి కదా అనిపిస్తుంది నాకు, ఇది వాదన కాదు, ఇష్టం, మీరు కాదన్నా పట్టించుకోను.

నిన్న సాయంత్రం ఆ పిల్లకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ముళ్ళ కంకులు, బూజు, ఎలుకల పెంటికలు, ఫ్రీజర్, మొత్తం ఇరవై నిమిషాలు. అంతా ఓపిగ్గా విని, "అయితే ఇంతకీ తిమోతీయేనా కాదా, పిన్నీ? తెచ్చేశాను" అంది. సంచీ పట్టుకుని దీపం దగ్గరికి వెళ్ళి ఓ తెల్ల కాగితం పరవమన్నాను.